పేజీ నంబరు దగ్గర రెండు గీతలు

మొన్న మా కాలేజీలో, కొత్తగా పరిశోధన మొదలుపెట్టిన పిల్లలకు రిఫరెన్సులు రాసే పద్ధతి గురించి ఒక గంట మాట్లాడమని నన్ను పిలిచారు. ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లు లైబ్రేరియన్‌గా చేసి రిటైరైనవాణ్ణి, కామాలూ ఫుల్‌స్టాపులూ తప్ప ఇంకేం చెప్తానని వాళ్ల ధీమా. ముందు వరుసలో ఇద్దరు ఫోన్లు చూసుకుంటూనే ఉన్నారు. ఆ గంటలో వాళ్లకు చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. చెంపలు వేసుకోవడానికి కాదు రాస్తున్నది. ఆ తప్పు వెంటపడి పోతే నేను ఎక్కడికి చేరానో మీకు చెప్పాలని.

మా కాలేజీవాళ్లే కాదు, చుట్టుపక్కల ఎవరు పరిశోధన వ్యాసం రాసినా, థీసిస్ రాసినా చివరికి నా బల్ల దగ్గరికి వచ్చేవారు. వ్యాసంలో ఏం రాశారన్నది నాకు పట్టేది కాదు. నేను వెనక నుంచి చదివేవాణ్ణి. చివరి పేజీల్లో ఉండే రిఫరెన్సుల జాబితాయే నా రాజ్యం. రచయిత ఇంటిపేరు ముందు రావాలి, తర్వాత పొడి అక్షరాలు, తర్వాత ఏడాది, వ్యాసం పేరు, పేజీలు. ఒక జర్నల్ ఏడాదిని బ్రాకెట్లలో పెట్టమంటుంది, ఇంకొకటి బ్రాకెట్లు తీసెయ్యమంటుంది. మడి కట్టుకున్న ముసలమ్మ కూడా నా అంత పట్టింపుగా ఉండదని స్టాఫ్‌రూములో అనేవారు. నాకది పొగడ్తగానే వినిపించేది.

నేను రిటైరైన రెండో ఏడు, కాలేజీలో జాగ్రఫీ చెప్పే కాంట్రాక్టు లెక్చరరమ్మ మా ఇంటికి వచ్చింది. వాళ్ల నాన్న బంగారు అంగళ్లకు నగలు మెరుగు పెట్టే పని చేసేవాడు, అన్న కువైట్‌లో ఉన్నాడు. పులివెందుల వైపు బావుల్లో నీళ్లు ఎలా అడుగంటిపోయాయో ఆమె పరిశోధన చేస్తోంది. మంచి జర్నల్‌కు వ్యాసం పంపింది. వాళ్లు అన్నీ ఒప్పుకుని ఒకచోట మెలిక పెట్టారు.

"సార్, అంతా బాగుండాదని రాసినారు. ఈ ఒక్క రిఫరెన్సుకాడ పట్టుకున్నారు," అని కాగితం నా ముందు పెట్టింది. "బోర్లు రాకముందు నీళ్లు ఎంత లోతులో ఉండేవో చెప్పే లెక్క ఇదొక్కటే ఉండాది. దీనికి పేజీ నంబరు ఇయ్యల్ల, అసలు కాగితాల జిరాక్సు పంపల్ల అంటాండారు. పదైదు దినాలు టైమిచ్చినారు. లేదంటే ఆ టేబులు తీసేయమంటారు. అది తీసేస్తే నా వ్యాసంలో ఏముంటాది సార్?"

వ్యాసం అచ్చుకు ఒప్పుకున్నట్టు ఉత్తరం లేకపోతే యూనివర్సిటీ థీసిస్ తీసుకోదు. ఆమె గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి కుదరదని ముందే చెప్పేశారు. ఏడేళ్ల చాకిరీ ఆ ఒక్క పేజీ నంబరు మీద నిలబడి ఉంది.

కాగితం చూశాను. ఒక ఇరిగేషన్ అధికారి పేరు, ఏడాది, బావుల నీటిమట్టాల నివేదిక, జమ్మలమడుగు. పేజీలు ఉండాల్సిన చోట రెండు చిన్న అడ్డగీతలు.

"ఇదేందమ్మా, పేజీల కాడ గీతలు పెట్టినావు?"

"నేను పెట్టలేదు సార్. నేను ఎత్తుకున్న వ్యాసంలో అట్లనే ఉండాది."

ఆ వ్యాసం చూపించింది. అక్కడా రెండు గీతలు. అది ఏ వ్యాసంలోంచి ఎత్తుకొచ్చిందో చూశాం, అందులోనూ రెండు గీతలు. అలా పది వ్యాసాలు తేలాయి. అందరూ ఒకరిని చూసి ఒకరు భక్తిగా దించుకున్నారు. అసలు నివేదిక ముఖం ఒక్కరూ చూసినట్టు లేదు. తల పట్టుకుని ఒక్కొక్కటే వెనక్కి పోతుంటే అన్నిటికంటే పాతదిగా ఒక థీసిస్ తేలింది. దాని పేరు చూడగానే గుర్తుపట్టాను. ఆ థీసిస్‌కు రిఫరెన్సుల జాబితా తయారు చేసినవాణ్ణి నేనే.

అప్పటి సంగతి అంతా గుర్తొచ్చింది. ఆ పరిశోధకుడు జమ్మలమడుగు ఆఫీసులో ఏవో కాగితాలు చూసి లెక్కలు నోటుబుక్కులో రాసుకొచ్చాడు. పేజీ నంబరు రాసుకోలేదు, రచయిత పేరు రాసుకోలేదు. రచయిత లేకుండా రిఫరెన్సు ఉండదని నేను పట్టుబట్టాను. ఆయన బుర్ర గోక్కుని, పైన కవరింగ్ లెటర్ మీద ఫలానా అధికారి సంతకం ఉందన్నాడు. అయితే ఆయనే రచయిత అని నేను తేల్చేశాను. మన ఆఫీసుల్లో సంతకం ఎవరిదైతే పని వాళ్లదే కదా. పేజీ నంబరు తర్వాత కనుక్కుని నింపుదామని రెండు గీతలు పెట్టాను. ఆయన తొందరపడి బైండింగుకు ఇచ్చేశాడు. నేను మరిచిపోయాను. ఇరవై ఏళ్లకు పైబడి ఆ గీతలు ఊళ్లు తిరుగుతూనే ఉన్నాయి.

లెక్చరరమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. ఆమె మాత్రం, "అయితే ఆ కాగితాలు యాడుండాయో మీకు తెలుసు కదా సార్," అంది. అప్పటికి ఆమెకు కావలసింది అదొక్కటే.

అయిదో రోజు బస్సెక్కి ఇద్దరం జమ్మలమడుగు వెళ్లాం. ఆఫీసు వెనక రికార్డు రూము. అక్కడి అటెండరు, రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, గుడ్డతో దుమ్ము కొట్టి కొట్టి ఒక్కో కట్టా దించాడు. మధ్యాహ్నం దాటాక ఒక కట్ట విప్పి, "ఇదేనేమో చూడు సార్. నేనొచ్చినకాడి నుంచి దీన్ని అడిగినోళ్లు లేరు," అన్నాడు.

అదే. పైన కవరింగ్ లెటర్. జతపరచిన కాగితాలు తమ పరిశీలనకు పంపడమైనదని రెండే వాక్యాలు, కింద అధికారి సంతకం. ఆయన రాసింది అంతే. ఇరవై ఏళ్లుగా పది వ్యాసాల్లో పెద్ద శాస్త్రవేత్తగా వెలిగిపోతున్న ఆ మహానుభావుడు ఎప్పుడైనా ఒక బావిలోకి తొంగి చూశాడో లేదో కూడా అనుమానమే.

కింద ఉన్నవి నెలకొకటిగా ఏడేళ్ల కాగితాలు. పులివెందుల వైపు ఒక పల్లెలో ఒకే బావి. అమావాస్య అమావాస్యకు నీళ్లు ఎన్ని మూరలు, ఎన్ని జానల లోతులో ఉన్నాయో గుమాస్తా రాశాడు. చివరి గడి కొలిచినవారి సంతకానికి. ప్రతి కాగితం మీదా ఆ గడిలో ఒక బొటనవేలి ముద్ర, పక్కన గుమాస్తా రాతలో ఫలానా వాని భార్య అని. ఆమెకొక పేరు ఉంటుందని అన్నేళ్లలో ఎవరికీ తోచలేదు.

నేను ఒక్కొక్క కాగితమే తిప్పుతున్నాను. ఒక నెల ముద్రలో అడ్డంగా గాటు కనిపించింది. కొడవలితో తెగి ఉంటుంది. పై నెలకు ఆ గాటు కొంచెం పూడింది, ఆ పై నెలకు ఇంకొంచెం. తర్వాత అన్ని కాగితాల్లోనూ సన్నటి తెల్లగీతలా మిగిలిపోయింది. చెయ్యి తెగిన నెల కూడా ఆమె బావి దగ్గరికి పోయింది. నేను జీవితమంతా పేజీలు తిప్పినవాణ్ణి. ఆ కాగితాలను మాత్రం అంచు నలగకుండా మళ్లీ మొదటి నుంచి తిప్పాను.

అయినా బుద్ధి ఎక్కడికి పోతుంది. లెక్చరరమ్మను పక్కకు పిలిచి చెప్పాను. "ఇదో అమ్మా, పేజీ నంబర్లు దొరికినాయి. గీతలు తీసేసి ఇవి పెట్టి జిరాక్సు పంపితే ఎల్లుండికి నీ పని అయిపోతాది. ఆ అధికారి పేరు ఎట్లుండేది అట్లే ఉంటాది. ఎవురూ అడగరు."

ఆమె కవరింగ్ లెటర్ చూసింది, వేలిముద్ర చూసింది.

"ఈ సారు బాయికాడికి పోయినట్టే లేదు కద సార్."

"లేదు."

"మా నాయన నలభై ఏండ్లు నగలకు మెరుగు పెట్టినాడు. ఆ నగల పెట్టెల మీద అంతా అంగడోళ్ల పేర్లే." కవరింగ్ లెటర్ పక్కన పెట్టేసింది. "ఇంగా పది దినాలు ఉండాయి. ఆయమ్మ బతికుండాదేమో చూసొద్దాం పదండి సార్."

పోతే ఆ పది రోజులూ పోవచ్చు, వ్యాసమూ పోవచ్చు. నాకు పోయేదేమీ లేదు, పెన్షన్ వస్తుంది. పోయేదంతా ఆమెది. నన్ను రమ్మనడానికి ఆమెకున్న ధైర్యం, వస్తానని చెప్పడానికి నాకు కాసేపటికి గానీ రాలేదు.

రెండు రోజుల తర్వాత పులివెందులలో బస్సు దిగి, చీనీ తోటల మధ్య ఆటోలో ఆ పల్లెకు వెళ్లాం. భర్త పేరు చెప్పి అడిగితే ఆయన పోయి చాలా కాలమైందన్నారు. బావి నీళ్లు కొలిచే ఆమె అని అడగగానే అందరూ ఒకే ఇంటివైపు చెయ్యి చూపారు. "బాయవ్వా? ఆ బాయి ఎదురుగానే."

అవ్వ పంచలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. ఎనభైకి దగ్గర ఉంటుంది. బావి నీళ్ల లెక్కల కోసం వచ్చామని నేను అనగానే ఒలవడం ఆపి మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"శానా దినాలకు వచ్చినారే," అంది. "ఇంగ రారేమో అనుకుంటి."

మమ్మల్ని ఆ ఆఫీసువాళ్లే అనుకుందని తెలిసి, కాదని లెక్చరరమ్మ చెప్పబోయింది. అవ్వ వినకుండా లేచి కొంగు దులుపుకుని, "రాండి, లోపలుండాయి," అని దారి తీసింది.

అది గింజలు పోసుకునే గది. గోడకు నిలువుగా బిగించిన నాపరాళ్లు. పగలే అయినా చీకటిగా ఉంటే ఫోను లైటు వేశాం. ఆ నల్లటి రాళ్ల నిండా, కింద నుంచి నేను చెయ్యెత్తితే అందేంత ఎత్తు వరకూ, మేకుతో గీసిన తెల్లటి గీతలు. పొడుగు గీతలు, పొట్టి గీతలు, అడ్డగీతలు, వరుస కింద వరుస. ఒక రాయి కాదు, అయిదు రాళ్లు.

"పొడుగుది మూర. పొట్టిది జాన. పది మూరలకు ఒక అడ్డగీత," అని అవ్వ వేలితో చూపించింది. "ఒక్కో వరస ఒక్కో అమాస."

"గుమాస్తా రాసుకుంటా ఉండె గదా పెద్దమ్మా. మళ్లా నువ్వెందుకు గీకినావు?"

"ఆయప్ప నెలనెలా వస్తాడా? ఒక్కోతూరి మూడు నెలలకొకసారి వస్తాడు. అందాకా గుర్తుండల్ల గదా."

"ఏడేండ్లకే ఆ కాగితాలు నిలిచిపోయినాయి పెద్దమ్మా."

"ఆయప్ప రావడం నిలిపేసినాడు. నాకు నిలపమని ఎవురు చెప్పినారు? రేపొచ్చి అడిగితే ఏమని చెప్పేది?"

మొదటి రాతి దగ్గర నుంచి అయిదో రాతి దాకా నడిచాను. ఏడేళ్ల కాగితాలు మొదటి రాతిలోనే అయిపోయాయి. మిగతా నాలుగు రాళ్లూ ఎవరూ అడగని ఏళ్లు, ముప్పై దాటి ఉంటాయి. మూడో రాతి మీద పొడుగు గీతలు పెరుగుతూ పోయి, ఒకచోట గీతలే లేకుండా వరుసకొక సున్నా మొదలైంది. పక్కన బోర్లు పడ్డాక బావి ఎండిపోయిందట.

"నీళ్లు లేవని తెలిసి కూడా తాడు ఏసినావా అవ్వా?" అని లెక్చరరమ్మ అడిగింది.

"ఏయకుండా లేవని ఎట్ల చెప్తావు?" అంది అవ్వ.

రాతి మీద సున్నాల వరుసలు జానెడు పొడుగు, రెండు జానల పొడుగు, అలా కిందికి పోతూనే ఉన్నాయి. ఏళ్లకేళ్లు. ప్రతి అమావాస్య పొద్దున ఆమె పొడి బావిలోకి తాడు వదిలింది, పొడి తాడు పైకి లాగింది, లోపలికి వచ్చి ఒక సున్నా గీకింది. నాలుగో రాతి చివర ఒక వరుసలో సున్నా బదులు గీతలు కనిపించాయి. కాలువ నీళ్లు చెరువులోకి వచ్చిన ఏడాది తాడు మళ్లీ తడిసిందని చెప్తూ అవ్వ ఆ వరుసను అరచేత్తో తుడిచింది. ఆ రాతి ముందు నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. పరాయి ఇంట్లో బాగుండదేమోనని సిగ్గుపడి ఊరుకున్నాను. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు చిరాకు.

జమ్మలమడుగులో తీయించుకున్న జిరాక్సు కాగితాలు బయటికి తీశాం. లెక్చరరమ్మ కాగితం మీది లెక్క చదివితే నేను రాతి మీది గీతలు లెక్కపెట్టాను. నెల తర్వాత నెల అన్నీ కలిశాయి. ఒక్కచోట కలవలేదు. కాగితంలో ముందు నెల లెక్కే మళ్లీ ఉంది, రాతి మీద జానెడు తక్కువ ఉంది. ఇన్ని గీతల్లో ఒక పొరపాటు దొరికిందని నేను లోపల కొంచెం తేలికపడ్డ మాట దాచను, ఎంతైనా తప్పులు పట్టే వృత్తివాణ్ణి.

"ఆ నెల ఆయప్ప రానేలేదు," అంది అవ్వ. "తరవాత వచ్చి రెండు కాగితాల మీదా ఏలు పెట్టించుకుని పోయినాడు. ఏం రాసుకున్నాడో నాకేం తెలుసు."

గుమాస్తా పాత లెక్కే దించేశాడన్నమాట. తప్పింది రాయి కాదు.

సాయంత్రం వచ్చేముందు నా అసలు పనికి దిగాను. "పెద్దమ్మా, నీ పేరు చెప్పు. పుస్తకంలో రాయల్ల." చెప్పింది. ఇక్కడ రాయను, అచ్చులో ఉంది. ఆ తర్వాత అలవాటు చొప్పున ఇంటిపేరు అడిగాను.

"ఏది? పుట్టింటిదా, నా మొగునిదా?"

"నీకు ఏది ఇష్టమైతే అది."

అవ్వ కొంచెం ఆలోచించింది. "నీళ్లు కొలిచింది నేను గదప్పా. నా పేరొక్కటి రాస్తే సాలదా?"

ఇంటిపేరు లేకుండా ముప్పై ఏళ్లలో ఒక్క రిఫరెన్సు నేను ఒప్పుకున్నది లేదు. ఎన్నోసార్లు కొత్త పిల్లల్ని వెనక్కి పంపాను. ఆ రోజు మాత్రం సాలు పెద్దమ్మా అని రాసుకున్నాను.

ఇంటికొచ్చి కూర్చుంటే ఆ రిఫరెన్సు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. అవ్వ పేరు. మొదటి అమావాస్య నుంచి ఇప్పటి దాకా ఏళ్లు. బావి నీటి కొలతలు, నాపరాళ్ల మీద గీతలు, అయిదు రాళ్లు. పల్లె పేరు, స్వగృహం. పేజీల చోట ఏం పెట్టాలో తోచక, రాతి నంబరు, వరుస నంబరు పెట్టాను. రాళ్లన్నిటి ఫోటోలూ, ఏడేళ్ల కాగితాల జిరాక్సులూ జతచేసి లెక్చరరమ్మ పంపింది.

జర్నల్‌వాళ్ల నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయి. రచయిత్రి ఇంటిపేరు పంపండి. ఇది అచ్చైన మూలం కాదు, దీన్ని ఎలా నమ్మాలి. మొదటిదానికి ఒక్క వాక్యం రాశాను, ఆమె తన పేరు అంతేనని చెప్పిందని. రెండోదానికి ఆ రెండు గీతల కథ మొత్తం, నా తప్పుతో సహా రాసి సంతకం పెట్టాను. అచ్చైన మూలాన్ని మీరంతా ఇరవై ఏళ్లు నమ్మారు, దాన్ని తయారు చేసినవాణ్ణి నేను అని కూడా రాశాను. ఇంగ్లీషులో అంత ఘాటుగా నేను ఎప్పుడూ రాయలేదు.

జర్నల్ ఇచ్చిన పదిహేను రోజులూ దాటిపోయాయి. జవాబు లేదు. యూనివర్సిటీ గడువు దగ్గరపడుతోంది. లెక్చరరమ్మ ఒక్కసారి కూడా నన్ను తప్పు పట్టలేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. "ఏమైందమ్మా అని మా నాయన దినామూ అడుగుతాండాడు సార్," అని మాత్రం ఒకరోజు అంది.

చివరికి ఉత్తరం వచ్చింది. ఆ టేబులు తీసేయవద్దు, దాన్ని వ్యాసంలో ముందుకు తీసుకురండి, అయిదు రాళ్ల లెక్కలూ పూర్తిగా ఇవ్వండి, అచ్చు వేస్తాం అని. గడువుకు నాలుగు రోజుల ముందు ఆమె థీసిస్ ఇచ్చింది. గీతలు దించుకున్న ఆ పది వ్యాసాలవాళ్లకు నేను ఉత్తరాలు రాశాను. ఇద్దరు జవాబిచ్చారు. ఒకాయన ఆ గీతలతో వచ్చిన ఇబ్బందేమిటో అర్థం కాలేదన్నాడు.

అచ్చు ప్రతి చేతికొచ్చాక మళ్లీ ఇద్దరం ఆ పల్లెకు వెళ్లాం. లెక్చరరమ్మ పేజీ తెరిచి అవ్వకు పేరు చూపించింది. అవ్వ ఆ అక్షరాల మీద ఒకసారి చెయ్యి ఆనించి తీసేసింది. ఆమెకు పేరు మీద అంత ధ్యాస లేదు.

"బాయి లెక్క ఎట్ల రాసినారో సదువు," అంది.

చదవడం మొదలుపెట్టాను. మూరలు, జానలు, వరుసగా. అవ్వ కళ్లు మూసుకుని వింటోంది. నాలుగు వందలు దాటిన ఆ వరుసలను అచ్చుకు ముందు నేనే మూడుసార్లు దిద్దాను, కాబట్టి నిబ్బరంగా చదువుతూ పోయాను. అవ్వ పెదాలు నాతోపాటు కదులుతున్నాయి. రెండో పేజీ సగంలో ఉండగా చెయ్యెత్తింది.

"ఆగప్పా. నడుమ ఒక అమాస ఇడిసిపెట్టినావు."

అన్నీ ఉన్నాయి పెద్దమ్మా అనబోయి, ఎందుకైనా మంచిదని పేజీ మీద వేలు పెట్టి చూసుకున్నాను. అచ్చులో అది ఉంది. నేనే ఒక వరుస దాటేశాను. కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ మొదటి అమావాస్య నుంచి చదివాను.